నాన్నకి నైలోమీటర్ చూడాలనుందట

మొన్నటిదాకా నా లాప్‌టాప్‌లో "ఈజిప్టు ఫైనల్", "ఈజిప్టు ఫైనల్ 2", "ఈజిప్టు నిజంగా ఫైనల్" అని మూడు ఎక్సెల్ షీట్లుండేవి. మొదటిది ఇప్పుడు తెరిస్తే నాకే నవ్వొస్తోంది, ఏడు రోజుల్లో పందొమ్మిది చోట్లు పెట్టానండీ బాబూ, అందులో అలెగ్జాండ్రియా ఒక పూట, అబూ సింబెల్ ఒక పూట, అసలు మ్యాప్ చూసి వేశానో కళ్ళు మూసుకుని వేశానో తెలీదు. ఈ రెండిటి మధ్య వెయ్యి కిలోమీటర్ల పైనే ఉంది మరి. దానికి ముందు ఒక ట్రావెల్ ఏజెంటు ఆరు రాత్రులు ఏడు పగళ్ళు అని ఒక ప్యాకేజీ పంపించాడు, గిజా పిరమిడ్ల దగ్గర రెండు గంటలు, ఆ తర్వాత పపైరస్ కాగితాల షాపు, సెంటు షాపు, నూలు బట్టల షాపు, మళ్ళీ ఇంకో షాపు. అది చూసి ఒళ్ళు మండి నేనే ప్లాన్ చేస్తానని దిగాను. దిగాక తెలిసింది ఆ ఏజెంటు పని ఎంత కష్టమో.

వెళ్ళేది ముగ్గురం. నేను, అమ్మ, నాన్న. నాన్న నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు, మోకాళ్ళు అంతంత మాత్రం, కానీ కాలవ గట్టు కనిపిస్తే మాత్రం ఆ మోకాళ్ళు ఎక్కడికి పోతాయో. అమ్మకి అసలు ఈ ట్రిప్పు మీదే అనుమానం. "సమాధులు చూడ్డానికి అంత డబ్బు పోసి సముద్రాలు దాటి వెళ్ళాలా" అని అడిగింది, నా దగ్గర సమాధానం లేదు అప్పుడు.

నా మొదటి తప్పు చెప్తాను. ఏ గైడు చూసినా అప్పర్ ఈజిప్టు, లోయర్ ఈజిప్టు అంటారు కదా, నేనేమో మ్యాపులో పైనుండేది అప్పర్ అనుకుని కైరో పైన ఉన్న డెల్టా చుట్టూ లక్సర్ కోసం వెతికాను, సిగ్గు లేకుండా చెప్తున్నా, పదిహేను నిమిషాలు వెతికాను. నాన్న వెనక నించి చూసి "ఎగువ అంటే పైన కాదురా, నీళ్ళొచ్చే వైపు" అన్నారు. అంతే. నైలు దక్షిణం నించి ఉత్తరానికి పారుతుంది కాబట్టి ఎగువ ఈజిప్టు దక్షిణాన, దిగువ ఈజిప్టు ఉత్తరాన. ఎగువ, దిగువ అన్న మాటలు చిన్నప్పట్నించీ వింటూ కూడా ఇంగ్లీషులో చూసేసరికి బుర్ర పనిచెయ్యలేదు. ఇంకో ముచ్చట ఏంటంటే అక్కడ గాలి ఎక్కువగా ఉత్తరం నించి వీస్తుంది, అంటే ప్రవాహానికి ఎదురెళ్ళాలంటే తెరచాప ఎత్తితే చాలు, తిరిగి రావాలంటే తెరచాప దించేసి నీళ్ళకి వదిలేస్తే చాలు. వాళ్ళ బొమ్మల లిపిలో దక్షిణానికి ప్రయాణం అని రాయాలంటే తెరచాప ఎత్తిన పడవ, ఉత్తరానికి అయితే తెరచాప దించిన పడవ వేసేవాళ్ళు. నాన్న ఇది విని ఒక నిమిషం ఏం మాట్లాడలేదు, తర్వాత "అయితే మనం కూడా ఎగువకెళ్ళి దిగువకి దిగుదాం" అన్నారు. ప్లాన్ సగం అక్కడే మారిపోయింది. లక్సర్ నించి అస్వాన్ వెళ్దామనుకున్నది కాస్తా తిరగబడి అస్వాన్‌కి ఫ్లైట్లో వెళ్ళి అక్కణ్ణించి లక్సర్‌కి పడవలో దిగడం అయింది.

సరే పిరమిడ్ల సంగతికొద్దాం. అందరూ చేసేది ఏంటంటే కైరోలో దిగిన మర్నాడు పొద్దున్నే గిజాకి పరిగెత్తడం. నేనూ అలాగే రాశా. నాన్న అడిగిన ప్రశ్న ఒకటే, "దానికి ముందు ఏం కట్టారు? ఒకేసారి అంతది కట్టడం ఎవడి వల్లా కాదు." వెతికితే నిజంగానే ఒక వరసుంది, అది కూడా చాలావరకు కైరో నించి ఒక్క రోజులో వెళ్ళొచ్చే దూరంలోనే ఉంది.

ముందు సక్కారా. క్రీ.పూ. 27వ శతాబ్దంలో జోసర్ అనే రాజు కోసం కట్టిన మెట్ల పిరమిడ్, ఆరు మెట్లు, దాదాపు 62 మీటర్ల ఎత్తు, కట్టించిన వాడి పేరు ఇమ్‌హోటెప్ అని చెప్తారు. అప్పటిదాకా సమాధి అంటే బల్లపరుపుగా ఉండే ఇటుకల దిమ్మె, ఇక్కడ రాతితో ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోయారు. పద్నాలుగేళ్ళ రిపేర్ల తర్వాత 2020లో మళ్ళీ తెరిచారు. ఆ తర్వాత మెయిదుమ్, కైరోకి దక్షిణంగా ఓ వంద కిలోమీటర్లు. ముందు మెట్లలా కట్టి తర్వాత ఆ మెట్లు పూడ్చి నున్నగా చెయ్యబోయారు, ఆ పైపొర కాస్తా జారిపోయింది, ఇప్పుడు చూస్తే రాళ్ళ గుట్ట మధ్యలోంచి ఒక బురుజు పైకి లేచినట్టు ఉంటుంది. ఎప్పుడు కూలిందన్నదాని మీద పండితులు ఇంకా కొట్టుకుంటున్నారు.

ఇక దాషూర్. నాకు మొత్తం ఈజిప్టులో ఇప్పుడు అన్నిటికంటే చూడాలనిపిస్తున్నది ఇదే. స్నెఫెరు అనే రాజు కట్టించిన వంగిన పిరమిడ్. కింద దాదాపు 54 డిగ్రీల వాలుతో మొదలెట్టారు, సగం పైకి వచ్చేసరికి ఏదో తేడా కొట్టింది, అక్కణ్ణించి 43 డిగ్రీలకి తగ్గించేసి ముగించారు. ఫోటోలో చూస్తే పిరమిడ్ భుజాలు కిందకి జారేసినట్టు ఉంటుంది. నాన్నకి ఈ ఫోటో వాట్సాప్‌లో పెట్టాను, పక్క గదిలోనే ఉన్నారు, రెండు నిమిషాల్లో లేచొచ్చి "పునాది కింద ఏముంది?" అని అడిగారు. రాజు చచ్చిపోయాడనో దేవుడి కోసమనో కాదు, ముందు పునాది. అప్పుడు కూర్చుని చదివితే కింద గట్టి రాయి కాకుండా గులకరాళ్ళు, మెత్తటి నేల ఉందని, లోపల గదుల్లో పగుళ్ళొచ్చాయని, పై గదిలో గోడలు లోపలికి జరక్కుండా దేవదారు దూలాలు అడ్డం పెట్టారని ఉంది. ఆ దూలాలు 4600 ఏళ్ళ తర్వాత ఇప్పటికీ అక్కడున్నాయి! నాన్న ఆ ఫోటోని పెద్దది చేసి చూస్తూ "పాపం, సైటు ఇంజనీరు ఎన్ని రాత్రులు నిద్రపోయుండడో" అన్నారు. నేను చదివిన ఏ ట్రావెల్ ఆర్టికల్లోనూ ఎవరూ ఆ మనిషి గురించి ఆలోచించలేదు.

ఆ పక్కనే కొంచెం దూరంలో ఎర్ర పిరమిడ్, అదే రాజుది. ఈసారి మొదట్నించీ 43 డిగ్రీలే పెట్టారు, బుద్ధొచ్చింది. నున్నటి పక్కలతో అనుకున్నట్టు పూర్తయిన మొదటి పెద్ద పిరమిడ్ ఇదే. దాని తర్వాతే ఆ రాజు కొడుకు ఖుఫు గిజాలో పెద్దది కట్టించాడు, అప్పట్లో 146 మీటర్లు, పైన రాళ్ళు పోయి ఇప్పుడు 138 చిల్లర, మొత్తం 23 లక్షల రాళ్ళు ఉండొచ్చని అంచనా. అందుకే మా ప్లాన్లో మొదటి రోజు సక్కారా, రెండో రోజు మెయిదుమ్ వెళ్ళి తిరుగు దారిలో దాషూర్, మూడో రోజుకి గాని గిజా రాదు. గిజా ముందు చూసేస్తే మిగతావన్నీ చిన్నగా, వంకరగా, కూలిపోయినట్టు కనిపిస్తాయి, ఈ వరసలో వెళ్తే గిజా దగ్గరకొచ్చేసరికి దాని వెనకాల ఎన్ని దెబ్బలున్నాయో తెలిసుంటుంది. నా స్నేహితుడొకడు "మొదటి రెండు రోజులు పిరమిడ్లు చూడకుండా పిరమిడ్ల ప్రాక్టీసు చూస్తార్రా మీరు" అని ఎగతాళి చేశాడు. చెయ్యనీ.

లోపలికి వెళ్ళాలా వద్దా అన్నది ఇంకో గొడవ. పెద్ద పిరమిడ్ లోపలికి విడిగా టికెట్ కొనాలి, అందులో పైకెక్కే దారి మనిషి నిటారుగా నిలబడేంత ఎత్తుండదు, ఒంగి ఎక్కాలి, ఆ తర్వాత ఒక్కసారిగా ఎనిమిది మీటర్లకి పైగా ఎత్తున్న గ్యాలరీ వస్తుంది, పైన రాజు గది మొత్తం గ్రానైట్. ఎర్ర పిరమిడ్ అయితే ముందు పైకి ఎక్కి, తర్వాత అరవై మీటర్ల చిల్లర ఏటవాలు సొరంగంలో వెనక్కి దిగినట్టు దిగాలి. నాన్న మోకాళ్ళకి రెండూ కుదరవు. నేను మాత్రం ఎర్ర పిరమిడ్‌లోకి వెళ్ళి వీడియో తీసుకొస్తానని ఒప్పందం, గిజాలో ఆ టికెట్ డబ్బులు మిగుల్చుతాం. మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఈ సంగతి అక్కడి గేటు దగ్గర కాకుండా ఇంట్లోనే తేల్చుకోండి, అక్కడ ఎండలో నిలబడి "నేను వస్తాను", "వద్దు" అనుకోవడం అంత దరిద్రం ఇంకోటి లేదు.

మ్యూజియంల విషయంలో పాత బ్లాగులు నమ్మకండి. ఎందుకంటే ఈ నాలుగైదేళ్ళలో సామానంతా అటూ ఇటూ మారిపోయింది. తహ్రీర్ స్క్వేర్ దగ్గరున్న 1902 నాటి పాత మ్యూజియంలో టుటన్‌ఖామెన్ అనే రాజు బంగారు ముసుగు ఉందని ఇప్పటికీ ఎన్నో చోట్ల రాసుంటుంది, కానీ అతని సమాధిలో దొరికిన సామాను, ఐదు వేల పైచిలుకు వస్తువులు, గిజా పక్కనే కట్టిన గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియంకి వెళ్ళాయి, అది పూర్తిగా 2025 నవంబర్‌లో తెరుచుకుంది. రాజుల మమ్మీలేమో 2021 ఏప్రిల్‌లో ఊరేగింపుగా ఇరవై రెండిటిని కైరోలోనే ఫుస్తాత్ అనే చోట ఉన్న ఇంకో మ్యూజియంకి తీసుకెళ్ళారు. టుటన్‌ఖామెన్ మమ్మీ మాత్రం లక్సర్లో అతని సమాధిలోనే ఉంది. మేము గ్రాండ్ మ్యూజియంకి ఒక రోజంతా ఇచ్చాం, అక్కడ ఖుఫు పడవ కూడా ఉంది, 1954లో పెద్ద పిరమిడ్ పక్కన గోతిలో విడి ముక్కలుగా దొరికింది, కలిపితే 43 మీటర్ల పడవ.

ఇప్పుడు నైలోమీటర్. ఈ టైటిల్ చూసి వచ్చినవాళ్ళు దీనికోసమే ఎదురుచూస్తుంటారు. అస్వాన్‌లో ఎలిఫెంటైన్ అనే దీవి మీద రాతి మెట్లు నదిలోకి దిగుతూ ఉంటాయి, పక్క గోడ మీద గీతలుంటాయి. వరద ఏ గీత దాకా వచ్చిందో చూసి ఆ ఏడు పంట ఎలా ఉంటుందో, పన్ను ఎంత వెయ్యొచ్చో అంచనా కట్టేవాళ్ళు. రోమన్ల కాలం నాటి లెక్క ఒకటుంది, వరద పన్నెండు మూరలైతే కరువు, పదమూడు అయినా ఆకలే, పద్నాలుగైతే సంతోషం, పదిహేనుకి నిశ్చింత, పదహారైతే పండగ. ఇది చదివి వినిపిస్తే నాన్న కళ్ళజోడు తీసేసి "మూరతో కొలిచారా" అన్నారు, అదేదో తన పాత ఆఫీసులో పక్క సీటాయన చేసిన పని అయినట్టు. ముప్ఫై ఏళ్ళు గేజి బోర్డుల మీద అంకెలు చూసిన మనిషి కదా. కైరోలో కూడా రోడా దీవిలో ఒకటుంది, క్రీ.శ. 861లో కట్టింది, గోతి మధ్యలో గీతలు చెక్కిన ఎనిమిది పలకల స్తంభం. నా లిస్టులో ఈ రెండూ లేనే లేవు. ఇప్పుడు రెండూ ఉన్నాయి, వీటికోసం అలెగ్జాండ్రియా పోయింది. నాకేం బాధ లేదు, అలెగ్జాండ్రియాలో నేను చూడాలనుకున్న దీపస్తంభం ఎలాగూ భూకంపాల్లో పోయింది.

అస్వాన్‌కి మూడు రోజులు. అక్కడి గ్రానైట్ క్వారీలో సగంలో వదిలేసిన ఒబెలిస్క్, అంటే ఒకే రాతిలో చెక్కే పొడవాటి మొనదేలిన స్తంభం, ఒకటి నేల మీద పడుకుని ఉంది, 42 మీటర్లు, వెయ్యి టన్నుల పైనే బరువు, చెక్కుతుండగా పగులొచ్చి వదిలేశారు. ఉలి కూడా కాదు, గట్టి డోలరైట్ రాతి గుండ్లతో కొట్టి కొట్టి అరగదీసేవాళ్ళు. పెద్ద పిరమిడ్‌లో రాజు గది గ్రానైట్ కూడా ఈ అస్వాన్‌దే, ఎనిమిది వందల కిలోమీటర్ల పైన నదిలో దిగువకి వెళ్ళింది. అందుకే ముందు కైరో చూసి తర్వాత ఇక్కడికి రావడం బావుంటుందనిపించింది.

అబూ సింబెల్ అస్వాన్ నించి ఇంకో 280 కిలోమీటర్లు ఎగువకి, ఎడారిలో మూడు మూడున్నర గంటల రోడ్డు, తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాలి. ఇది మాత్రం వదిలేద్దామనుకున్నా, నాన్న వదల్లేదు. అస్వాన్ హై డ్యామ్ కడితే మునిగిపోతుందని 1964 నించి 1968 దాకా కొండలో చెక్కిన గుడిని వెయ్యికి పైగా ముక్కలుగా కోసి, 65 మీటర్లు పైకి, 200 మీటర్లు వెనక్కి జరిపి మళ్ళీ అతికించారు. వెనకాల కొండ కూడా కొత్తగా కట్టిందే. నాగార్జున సాగర్ కట్టినప్పుడు లోయలో ఉన్నవి తీసి కొండ మీద పెట్టడం మనకి తెలిసిన కథే కాబట్టి నాన్నకి ఇది కొత్త కాదు, కాకపోతే గుడి లోపల చివరి గదిలో కూర్చున్న నాలుగు విగ్రహాల్లో మూడిటి మీద ఏటా ఫిబ్రవరి 22న, అక్టోబర్ 22న సూర్యుడి వెలుగు పడుతుంది చూడండి, అది జరిపాక కూడా పడేలా నిలబెట్టారు, దాని గురించి మాత్రం ఆయన చాలాసేపు మాట్లాడారు. నాలుగో విగ్రహం ప్తా అనే దేవుడిది, ఆయన మాత్రం చీకట్లోనే ఉండిపోతాడు. ఆ తేదీలకి వెళ్దామా అని ఆలోచించి మానుకున్నాం, జనం తొక్కిడిలో అమ్మ వల్ల కాదు. వెళ్ళేది జనవరిలో. ఎండాకాలం లక్సర్, అస్వాన్ 40 డిగ్రీలు దాటేస్తాయి, మార్చి ఏప్రిల్ అంటే ఎడారి దుమ్ము గాలులు.

అస్వాన్ నించి లక్సర్‌కి పడవలో మూడు రాత్రులు. దారిలో కోమ్ ఓంబో, ఎడ్ఫు గుళ్ళు. కాలం వరస ప్రకారం చూద్దామన్న నా పట్టుదల ఇక్కడ బెడిసికొట్టింది, ఎందుకంటే లక్సర్ గుళ్ళకంటే ఇవి వెయ్యేళ్ళు చిన్నవి, నది నా ఎక్సెల్ షీటు మాట వినదు కదా. ఎడ్ఫు గుడి క్రీ.పూ. 237లో మొదలెట్టారు. లెక్కేసి చూస్తే పెద్ద పిరమిడ్‌కీ దానికీ మధ్య 2300 ఏళ్ళు, దానికీ మనకీ మధ్య కూడా దాదాపు అంతే. అంటే ఎడ్ఫు గుడి కట్టిన కూలీకి గిజా ఎంత పాతదో మనకి ఎడ్ఫు అంత పాతది. ఈ ఒక్క లెక్క దగ్గర నేను ఓ పూట ఆగిపోయాను, పని చెయ్యబుద్ధి కాలేదు.

లక్సర్‌కి మూడు రోజులు. తూర్పు ఒడ్డున కర్నాక్ గుడి, 134 స్తంభాల మండపం, దాని గురించి అందరూ రాశారు కాబట్టి నేను రాయను. రాజుల లోయలో మామూలు టికెట్‌కి మూడు సమాధులే చూడనిస్తారు, టుటన్‌ఖామెన్, మొదటి సెతి లాంటివాటికి వేరే టికెట్లు. టుటన్‌ఖామెన్‌ది 1922లో దొరికిన దగ్గర్నించీ పేరు మోగిపోయింది గానీ సమాధి చాలా చిన్నది, సామాను కైరోకి పోయింది, ఆ డబ్బులు సెతికి పెట్టడం నయం అని నా అభిప్రాయం. రేట్లు ఈజిప్షియన్ పౌండ్లలో మాటిమాటికీ మారుతున్నాయి, వెళ్ళే ముందు ప్రభుత్వ టికెట్ సైటు చూసుకోండి, చాలా చోట్ల కార్డే తీసుకుంటున్నారు, క్యాష్ మీదే ఆధారపడి వెళ్ళకండి.

అమ్మ ఒప్పుకున్నది మాత్రం రాజుల లోయ వల్ల కాదు. పక్కనే దెయిర్ ఎల్ మెదీనా అని ఒక ఊరుంది, రాజుల సమాధులు చెక్కిన పనివాళ్ళ ఊరు. ఇళ్ళ గోడలు మోకాలెత్తున ఇంకా ఉన్నాయి. మూడో రామెసెస్ కాలంలో కూలి గింజలు టైముకి రాక వీళ్ళు పని ఆపేసి వెళ్ళి గుడి దగ్గర కూర్చున్నారు, అది పపైరస్ మీద రాసుంది. ఎవరెవరు ఏ రోజు పనికి ఎందుకు రాలేదో రాసిన హాజరు పట్టీ కూడా దొరికింది, ఒకడికి తేలు కుట్టింది, ఒకడికి కళ్ళు బాలేవు, ఒకడు బీరు కాచుకుంటున్నాడు. ఆ ఊరి వాళ్ళు తమ కోసం చిన్న చిన్న సమాధులు కట్టుకుని రంగులేసుకున్నారు. అందులో సెన్నెజెమ్ అనే ఆయన సమాధి గోడ ఫోటో అమ్మకి చూపించాను. ఆయన కొడవలితో గోధుమ కోస్తున్నాడు, ఆయన భార్య వెనకాల బుట్ట పట్టుకుని కంకులు ఏరుతోంది, ఇద్దరూ తెల్లటి కుచ్చిళ్ళ బట్టల్లో ఉన్నారు. అమ్మ ఫోను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి "కోతకి తెల్లబట్టలేసుకుని వెళ్ళారేంట్రా" అంది. అది చచ్చిపోయాక వెళ్ళే లోకంలో పొలం అమ్మా, అక్కడ బురద ఉండదనుకుంటా అన్నాను. "సరే అక్కడికైతే వస్తా" అంది.

పదిహేను రోజుల్లో పదమూడు రోజులు నిండాయి, రెండు రోజులు ఖాళీగా వదిలేశా. అబిదోస్, డెండెరా గుళ్ళు పెట్టొచ్చు అని రోజూ చెయ్యి దురద పెడుతోంది గానీ పెట్టను. మోకాళ్ళు, జలుబులు, ఫ్లైట్ లేటు, వాటి కోసం ఆ రెండు రోజులు. షీటు లాక్ చేసి పాస్‌వర్డ్ అమ్మకిచ్చేశాను.

నిన్న రాత్రి పదకొండింటికి నాన్న దగ్గర్నించి ఒక ఫోటో వచ్చింది. డ్యూటీలో ఉన్నప్పుడు వాడిన ముప్ఫై మీటర్ల టేపు, తోలు డబ్బా అంచులు అరిగిపోయి, మధ్యలో ఇత్తడి హ్యాండిల్. అటక మీంచి తీసి తుడిచినట్టున్నారు. కింద ఒక్క లైను: "ఇది క్యాబిన్ బ్యాగులో పెట్టనిస్తారా, లేకపోతే సూట్‌కేసులో పెట్టాలా?"